ఫ్యాను కింది లెక్కల పుస్తకం

మా అత్తమ్మ పోయిన మంగళవారం పొద్దున కర్నూలు ఆసుపత్రిలో కన్నుమూశారు. మధ్యాహ్నానికల్లా ఇంటి ముందు ఫ్లెక్సీ లేచింది. అందులో ఆమె ఫొటో, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, పక్కన వయసు. అరుగు మీద కూర్చున్న మా ఆయన దాన్ని చూసి లేచి నిలబడి, "తీసివేత తప్పినాడు" అన్నాడు. నిజమే. ఆ రెండు తేదీలకూ ఆ వయసుకూ పొసగలేదు. చుట్టాల్లో ఒక పెద్దాయన, "ఇప్పుడెవురు చూస్తారప్పా, వదిలెయ్" అన్నాడు. మా ఆయన వదల్లేదు. ఏళ్ల తరబడి హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిని తప్పుడు తీసివేత కింద పడుకోబెట్టి ఎట్లా సాగనంపుతామని ఫ్లెక్సీ మళ్లీ కొట్టించుకొచ్చాడు. దాంతో సమాధుల తోటకు చేరేసరికి ఆలస్యమైంది. అత్తమ్మ ఉండి ఉంటే ఆలస్యానికి కోప్పడేవారు. తీసివేతకు ఇంకా ఎక్కువ కోప్పడేవారు.

ఇది చదివేవాళ్లలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్ల దగ్గర నాకంటే మంచి కథలుంటాయి. నేను ఆమె విద్యార్థిని కాదు, కోడల్ని. నాకు తెలిసిన కథ ఆమె నాకొక లెక్కల పుస్తకం కొనిచ్చిన కథ.

మాది డోన్. పెళ్లయి కర్నూలు వచ్చేనాటికి నేను బీకాం చదివి ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎంబీఏ ఉంటేనే పై పోస్టు ఇస్తామని అక్కడ చెప్పేశారు. నా తర్వాత చేరినవాళ్లు నాకే పనులు పురమాయిస్తుంటే ఉక్రోషం పట్టలేక ఎంబీఏ సీటు కోసం ఐసెట్ రాశాను. లెక్కలంటే నాకు పదో తరగతి నుంచీ వణుకు. రాని ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు పెడితే మంచిదని ఎవరో చెప్పారు. లెక్కలన్నీ రాని ప్రశ్నలే కాబట్టి అన్నిటికీ మూడో జవాబు పెట్టి వచ్చాను. వచ్చిన ర్యాంకు పొడవు చూసి మా నాన్న అది హాల్‌టికెట్ నంబరు అనుకున్నాడు.

మరుసటి ఏడు ఇంకొక్కసారి రాస్తానన్నాను. అప్పటికి మా పాప నడుస్తోంది. ఈసారి రాకపోతే చదువు మాట మళ్లీ ఎత్తనని ఇంట్లో అందరి ముందూ చెప్పాను. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. మా ఆయన ఉత్సాహంగా పోయి ఒక గైడు తెచ్చాడు. దిండంత ఉంది. అట్ట మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు.

అత్తమ్మ కళ్లజోడు పెట్టుకొని ఆ అట్టను శానాసేపు చూశారు.

"ఈ పిల్లోళ్లు శానా తేటగుండారు. లెక్కలు చేసినోళ్ల మొగాలు కాదివి."

"ఇదే మంచిదంటమ్మా. షాపాయన చెప్పినాడు" అన్నాడు మా ఆయన.

"షాపాయన పరీక్ష రాసినాడా?"

ఆమె లోపల ఏదో ఒక పేజీ తెరిచి, పెన్సిలు తీసుకొని, ఒక లెక్క చేసి, వెనక్కి తిప్పి జవాబు చూశారు. తర్వాత గైడు మూసి, చెడిపోయిన కూర గిన్నెను జరిపినట్టు పక్కకు జరిపారు. "రేప్పొద్దున దీన్ని వాపసిచ్చొస్తాం. పాపా, నువ్వు కూడా రా" అన్నారు నాతో.

పాత బస్టాండు దగ్గర ఆ పుస్తకాల షాపును నడిపేది ఒక భాయ్. అత్తమ్మ ఆయన స్టూలు లాక్కొని కూర్చొని, ఐసెట్‌కు ఉన్న పుస్తకాలన్నీ తీయించారు. ప్రతి పుస్తకంలోనూ ముందు శాతాల పాఠం చూశారు. మొదటి లెక్క సులువుగా ఉందా, లేదా? "మొదటి లెక్కే తల మీద కొడితే ఎవురు రెండో లెక్క దగ్గరికి పోతారు?" తర్వాత లెక్కకూ లెక్కకూ మధ్య ఉన్న తెల్ల జాగాను అరచెయ్యి పెట్టి కొలిచారు. "పేరు వర్కుబుక్కంట. వర్కు యాడ చేయాల? గోడ మీదనా?"

ఒక పుస్తకం నీళ్ల ట్యాంకు లెక్క దగ్గర ఓడిపోయింది.

"భాయ్, ఇది చూడు. ఒక కొళాయి ట్యాంకు నింపుతాదంట, ఇంగోటి ఖాళీ చేస్తాదంట. రెండూ ఒక్కసారే ఇప్పుతాడంట. మన వీధిలో ఎవురన్నా ఈ పని చేస్తే కొట్టరా?"

"ఆ లెక్క అన్ని పుస్తకాల్లోనూ ఉంటాది టీచరమ్మా."

"ఉండనీ. నీళ్లూ పాయ, జవాబూ తప్పాయ."

ఈలోగా పుస్తకాలు కొనడానికి వచ్చిన పిల్లలు ఆమె చుట్టూ మూగారు. ఒకమ్మాయి చేతిలోని పుస్తకం చూపించి "ఇదెట్లుంటాది మేడం?" అని అడిగింది. అత్తమ్మ తల అడ్డంగా ఊపారు. ఆ అమ్మాయి పుస్తకాన్ని బల్ల మీద పెట్టేసింది. ఆమె వెనకవాళ్లూ పెట్టేశారు. భాయ్ మా ఇద్దరికీ టీ తెప్పించి, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "మీయత్త వచ్చినప్పట్నుంచీ ఒక్క పుస్తకం పోలేదమ్మా. టీ తాగినాక రవ్వంత ఇంటికి పిల్చుకొని పో."

ఆ రోజు గైడు వాపసిచ్చి వట్టి చేతులతో తిరిగొచ్చాం. కర్నూల్లో ఉన్న మిగతా షాపులకూ పోయాం. కొన్నిచోట్ల మేము మెట్లెక్కుతుంటేనే "స్టాకు లేదు" అన్నారు. పరీక్ష దగ్గర పడుతోందని నాకు గుబులు పట్టుకుంది. "ఏదో ఒకటి కొనండి అత్తమ్మా, నేను చదువుకుంటా" అన్నాను. "ఏదో ఒకటి చదివే కదా పోయినసారి మూడో జవాబు పెట్టొచ్చినావు" అన్నారామె.

అట్లా ఉండగా కడపలో మా ఆడబిడ్డ మరిది పెళ్లి వచ్చింది. చర్చిలో పెళ్లి. మేము మధ్య వరుసలో కూర్చున్నాం. అత్తమ్మ మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్నారు. ఏడు రోడ్ల కూడలి దగ్గరుండే పుస్తకాల షాపులు భోజనాలకు మూసేస్తారని ఎవరో ఆమె చెవిన వేశారు. పీఠం దగ్గర అయ్యగారు, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉన్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను" అన్నారు. చర్చి అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా అత్తమ్మ లేచి నిలబడ్డారు.

పెళ్లికూతురి తండ్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లికొడుకు మా వైపు తిరిగిన తిరుగుడు చూస్తే అతనికి ఏవేవో పాత సంగతులు గుర్తొచ్చినట్టుంది. అయ్యగారు గొంతు సవరించుకొని, "చెప్పండమ్మా" అన్నారు.

"ఏం లేదయ్యగారూ. పిల్లోడు బంగారం. మాకు బజార్లో పనుండాది, అంతే" అని అత్తమ్మ నా చెయ్యి పట్టుకొని బయటికి నడిచారు. మా ఆడబిడ్డ ఆ తర్వాత కొన్ని నెలలు తల్లితో మాట్లాడలేదు.

ఏడు రోడ్ల దగ్గర ఒక ఇరుకు షాపు ఇంకా తెరిచే ఉంది. ఉన్నవన్నీ మేము కర్నూల్లో చూసినవే. నేను నీరసపడి తలుపుకు ఆనుకున్నాను. అత్తమ్మ చూపు మాత్రం బల్ల మీద గిరగిరా తిరుగుతున్న ఫ్యాను కింద నిలిచిపోయింది.

"ఏమప్పా, ఆ ఫ్యాను కింద ఉండేది ఏం పుస్తకం?"

"అది అమ్మేది కాదమ్మా. ఎత్తు కోసం పెట్టినా."

"తీయి, చూస్తా."

"ఫ్యాను పడ్తాది."

అత్తమ్మ ఊరుకుంటారా? ఒక చేత్తో ఫ్యానును పట్టుకొని, ఇంకో చేత్తో పుస్తకం లాగారు. పాత వర్కుబుక్కు. అట్ట రంగు వెలిసిపోయింది, ఎవరి ఫొటోలూ లేవు. ఆమె శాతాల పాఠం తెరిచారు. అరచెయ్యి పెట్టి చూశారు. చెయ్యి పట్టి ఇంకా జాగా మిగిలింది. పెన్సిలు తీసి ఒక లెక్క చేశారు, మరొకటి చేశారు, వెనక్కి తిప్పి చూశారు. ముఖం విప్పారింది. ఆమె వదిలిన ఫ్యానును షాపతను పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఇది ఇయ్యి."

"మరి దీని కిందికేంది?"

అత్తమ్మ వరుసలోంచి దిండు లాంటి ఆ గైడునే తీసి ఫ్యాను కింద పెట్టారు. "ఇది దానికంటే లావు. గాలి ఇంకా బాగొస్తాది."

కర్నూలు చేరగానే ఆమె చేసిన మొదటి పని, బ్లేడుతో పుస్తకం వెనకున్న జవాబుల పేజీలు కోసెయ్యడం. వాటిని మడిచి తన బైబిలు జిప్పు కవర్లో పెట్టుకున్నారు. ఆ కవర్లో చెయ్యి పెట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదని ఆమెకు తెలుసు. "నమ్మాల్సింది దేవుణ్ణి. జవాబుల కీని కాదు" అనేవారు. నేను తప్పు చేస్తే తప్పని కూడా చెప్పేవారు కాదు. "ఊఁ, ఇంగోసారి చూడు" అనేవారు. ఒప్పు చేసినా అదే మాట. పాపను చంకనేసుకొని, పొయ్యి మీద కూర కలుపుతూ, నా పెన్సిలు ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, "జవాబు యాడికీ పోదులే. నువ్వు మాత్రం లేయొద్దు" అని వంటింట్లోంచే అరిచేవారు. నేను లేవలేదు. చిత్రంగా కొన్నాళ్లకు వణుకు పోయింది. లెక్క రాకపోయినా దాని ఎదురుగా కూర్చోవచ్చునని తెలిసింది.

రైళ్ల పాఠం దగ్గర మాత్రం మా ఇద్దరికీ చెడింది. ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు, ఒక రైలు అతన్ని దాటింది. రైలు పొడవు ఇచ్చాడు, ప్లాట్‌ఫారం పొడవూ, దాటేందుకు పట్టిన సమయమూ ఇచ్చాడు. వేగం ఎంత అని ప్రశ్న. నేను చేసింది చూసి, "ప్లాట్‌ఫారం కలపలేదే?" అన్నారు అత్తమ్మ.

"రైలు దాటింది మనిషిని కదా అత్తమ్మా. ప్లాట్‌ఫారం ఏంటికి?"

"మనిషి యాడ నిలబన్న్యాడు?"

"ప్లాట్‌ఫారం మీద."

"మరి అది లేకుంటే వాడు గాల్లో నిలబడ్తాడా?"

"ఆయప్ప యాడన్నా నిలబడనీ. డోన్‌లో నేను పుట్టినప్పట్నుంచీ రైళ్లు చూస్తాండా. నన్ను దాటేదానికి రైలుకు దాని పొడవు సాలు."

అత్తమ్మ మాటకు నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్తమ్మ బైబిలు తెచ్చి, జిప్పు తీసి, పేజీ విప్పి చూశారు. మళ్లీ మడిచి లోపల పెట్టారు. వంటింట్లోకి పోయారు. ఆ పూట పప్పులో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. రోగాలు నయమైనవాళ్లు, ఉద్యోగాలొచ్చినవాళ్లు లేచి చెప్పారు. తర్వాత అత్తమ్మ లేచి మైకు తీసుకున్నారు.

"ఈ వారం నాకు ఒక లెక్క తప్పింది. రైలు లెక్క. నా కోడలు సరిదిద్దింది. దేవునికి స్తోత్రం."

అయ్యగారు "ఆమెన్" అన్నారు. చర్చి అంతా "ఆమెన్" అంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

పరీక్ష రోజు ఆమె పాపను ఎత్తుకొని సెంటరు బయట వేపచెట్టు నీడలో కూర్చున్నారు. నేను బయటికి రాగానే ఎట్లా రాశావని అడగలేదు.

"రైలుది వచ్చిందా?"

"వచ్చింది."

"ప్లాట్‌ఫారం?"

"కలపలేదు."

అత్తమ్మ పెద్దగా నవ్వారు. చంకలోని పాప కూడా నవ్వింది.

ఈసారి వచ్చిన ర్యాంకుకు కర్నూల్లోనే సీటొచ్చింది. తరగతులు మొదలైన రోజు, కాలేజీకి దావ తెలీదేమోనన్న నెపంతో అత్తమ్మ నాతో పాటు బస్సెక్కారు. నన్ను గది దాకా దిగబెట్టి పోయారనే అనుకున్నాను. ఆ రోజు మొదటి పాఠం స్టాటిస్టిక్స్. లెక్చరరు బోర్డు నిండా ఒక పెద్ద లెక్క చేశాడు. వెనక వరుసలో ఎవరో నవ్వితే తల తిప్పి చూశాను. కిటికీ అవతల, ఎర్రటి ఎండలో, మా అత్తమ్మ గొడుగు వేసుకొని నిలబడి ఉన్నారు. కళ్లు చికిలించి బోర్డు చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. లెక్చరరు డస్టరు తీసుకొని బోర్డు తుడవబోయాడు. కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి లోపలికొచ్చి, ఆగమన్నట్టు లేచింది. ఎవరామె, ఏమిటి అని అడగకుండానే ఆయన ఆగిపోయాడు. గది మొత్తం ఆగింది. బయట ఆ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.