బోను ముందు మంచు పట్టని చోటు

దయ్యం అనే మాట ఎవరైనా నా ముందు ఎత్తితే వాళ్ళకు ఏదో ఒక పని చెప్పడం నాకు అలవాటు. చేతిలో పని లేనివాళ్ళకే అవి కనిపిస్తాయని నా నమ్మకం. కదిరి దగ్గర మా ఊళ్ళో చింతతోపులో దయ్యముందని అందరూ చుట్టు తిరిగి పోతుంటే, నేను కట్టెలు ఏరుకోవడానికి అందులోకే పోయేదాన్ని. ఎవరూ రారు కాబట్టి అక్కడ కట్టెలు బాగా దొరికేవి.

నేను రెండో తరగతి దాకా చదివాను. ఇది రాస్తున్నది నన్ను నమ్మమని కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని. అక్షరం తప్పులుంటే సర్దుకోండి.

మా అమ్మాయి సుధ, అల్లుడు శ్రీధర్, వాళ్ళ నాలుగేళ్ళ పాప మిన్ను, నేను న్యూజిలాండ్‌లో ఉంటాం. మొదట లోవర్ హట్ అనే పట్నంలో ఉన్నాం. అల్లుడిది కంప్యూటర్ ఉద్యోగమైనా అతనూ గొర్రెలు మేపిన ఇంటి బిడ్డే. మనసు ఊరుకోక కొండ అవతల కొంత నేల, గొర్రెలు కొన్నాడు. కొన్నాళ్ళు ఆఫీసుకు పోతాడు, కొన్నాళ్ళు ఇంట్లోంచే పని చేస్తాడు.

నేల బాగుంది. పందులే బాగా లేవు. మా మేత పొలం కింద ఒక లోయ, దాని నిండా పొదలు. అడవిపందులు అక్కడ పడుకుని చీకట్లో పైకి వస్తాయి. తెల్లారి చూస్తే నాగలి పెట్టి దున్నినట్టు ఉంటుంది పచ్చిక. అదొక్కటే అయితే ఓర్చుకుందుము. గొర్రెలు ఈనే కాలం వస్తే, అప్పుడే పుట్టిన పిల్లల్ని తినేస్తాయి. తల్లి గొర్రె అరుస్తూ తిరుగుతుంటుంది. వెతికినా గిట్ట ముక్క కూడా దొరకదు.

పక్క ఫారం పెద్దాయన పేరు విరెము. ఇక్కడి పాతకాపు జాతి, మావోరీ మనిషి. చిన్నప్పటి నుంచీ కుక్కలతో పందుల వేటే. ఆ పేరు నాకు నోరు తిరగక వీరయ్యా అంటాను, పలుకుతాడు. ఆయన నన్ను నాన్ అంటాడు, ఇక్కడ మామ్మల్ని అలా పిలుస్తారట. మేము పంది మాంసం తినమని చెప్పినప్పటి నుంచి మా ఇంటికి చేపలు తెచ్చిస్తాడు. ఆ చేపలు మాత్రం నేను వద్దనలేదు.

ఆయనే మా పొలం దిగువన బోను కట్టి ఇచ్చాడు. గట్టి ఇనుప జాలీ పలకలు గుండ్రంగా నిలబెట్టిన దొడ్డి లాంటిది. ముందు తలుపు పైకెత్తి పెడతారు. వెనకాల మేత దగ్గర ఒక తీగ ఉంటుంది. పంది లోపలికి పోయి మూతితో ఆ తీగను కదిపితే తలుపు దబ్బున పడుతుంది.

బోను ఆయనదైతే, కంచె నాది. మా వైపు శనక్కాయ చేలకు పాత చీరలు కడతాం. చేను చుట్టూ గుంజలు పాతి, ఇంటింటి ఆడవాళ్ళ చీరలు అడిగి తెచ్చి బిగించి కడితే పందులు లోపలికి రావు. రంగులకు బెదురుతాయంటారు, మనిషి వాసనకు బెదురుతాయంటారు. నా చీరలు చిరిగినవి ఒక్కటీ పారేయలేదు కాబట్టి, గొర్రెలు ఈనే పొలం ముక్క చుట్టూ కట్టడానికి సరిపోయాయి.

అల్లుడు నవ్వాడు. "అత్తా, ఇక్కడి పందులకు చీరంటే ఏందో తెలీదు."

"తెలీనిదానికే ఎవరైనా బెదిరేది. నువ్వు ఆ గుంజ పట్టుకో."

విరెము కూడా వచ్చి చూసి ఏదో అన్నాడు. సుధ నవ్వు ఆపుకోలేక నాకు తెలుగులో చెప్పింది. "ఇన్ని రంగులు చూసి పందులు పెళ్ళనుకుని భోజనానికి వస్తాయేమో నాన్, అంటున్నాడమ్మా."

ఆ చీరల్లో ఒకటి మా అత్తది. ఎర్రంచు పచ్చ నేత చీర. ఆమె పోయాక దాన్ని బొంతలో పొరగా వేసి కుట్టాను. బొంత చివికిపోయినా ఆ పొర గట్టిగానే ఉంది. కుట్లు విప్పి కంచెకు వాడాను. కంచెకు ఇంటి వైపు మూలన గాలి ఎక్కువ. అక్కడి గుంజకు, నా తలకన్నా ఎత్తున, రెండు కొసలూ సన్న తీగతో చుట్టి కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మా అత్త గురించి కూడా కొంచెం చెప్పాలి. మాట కటువు మనిషి. నన్ను మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు. కానీ శనక్కాయ చేతికొచ్చే రోజుల్లో, సుధ పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు, తెల్లారకముందే నా పక్కలోంచి పిల్లను తీసుకుపోయేది. ఒక గుడ్డ పిల్ల ఛాతీ మీద అడ్డంగా తిప్పి మెడ వెనక ముడేసి, ఒళ్ళో పెట్టుకుని చేను గట్టున పందులకు కాపలా కూచునేది. నేను ఇంకాసేపు నిద్రపోవాలని అలా చేసేదని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. నోటితో చెప్పే మనిషి కాదు. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె వేసిన ముడి మాకు ఎప్పుడూ తిరగబడినట్టు కనిపించేది, విప్పడానికి తిప్పలు పడేవాళ్ళం. ఫొటో దిగితే ఆయుష్షు పోతుందని ఒక్కటి కూడా దిగనివ్వలేదు.

ఇక జరిగిన సంగతి.

గొర్రెలు ఈనుతున్నాయి. ముందు రోజు విరెము కుక్కలు లోయలో ఒక పెద్ద మగపందిని నిలేశాయి. అది ఒక కుక్క పక్కటెముకల మీద కోర పెట్టి చీల్చి, తనకూ గాయమై తప్పించుకుంది. విరెము కుక్కను దుప్పట్లో చుట్టి తీసుకుపోతూ గట్టిగా చెప్పాడు: దెబ్బ తిన్న పంది దగ్గర్లోనే ఉంటుంది, ఏది కదిలినా మీదికొస్తుంది, కిందికి ఎవరూ దిగొద్దు.

దిగొద్దనే ముందే నేను ఆ రోజు బోనులో మేత పెట్టి వచ్చాను. పులిసిన మొక్కజొన్నలతో పాటు, డబ్బా అడుగున ముక్కిపోయిన శనక్కాయ ఉండలు కూడా వేశాను. బెల్లం, శనక్కాయలు పోసి చేసినవి, చెత్తబుట్టలో వేయడానికి నాకు చేతులు రాలేదు. మిన్ను నా కొంగు పట్టుకుని చూస్తూనే ఉంది. ఆ ఉండలంటే దానికి ప్రాణం. దగ్గుతోందని వారం నుంచి సుధ పెట్టనివ్వలేదు. పందికి పెడుతున్నావు, నాకు పెట్టవా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. ఇంటికి కదలమన్నాను.

మర్నాడు వెలుగు వచ్చేసరికి పక్కలో పాప లేదు.

బాత్రూంలో ఉందనుకున్నాను. లేదు. వెనక తలుపు ఓరగా ఉంది. దాని గమ్‌బూట్లు లేవు. బయట పొలమంతా తెల్లటి మంచు, ఉప్పు చల్లినట్టు. ఆ మంచు మీద చిన్న బూట్ల అడుగులు, మెట్ల దగ్గర మొదలై తిన్నగా కిందికి, బోను వైపు.

నేను అరిచిన అరుపుకు సుధ, అల్లుడు లేచి వచ్చారు. సుధ అడుగుల్ని చూసి వట్టి కాళ్ళతోనే పరిగెత్తింది. అల్లుడు పార పట్టుకుని, విరెముకు ఫోన్ చేస్తూ పరిగెత్తాడు. నా మోకాళ్ళతో నేను ఎలా దిగానో నాకు తెలియదు. సగం దూరంలో పంది జాడ కనిపించింది. లోయలోంచి వచ్చిన పెద్ద గిట్టలు. మధ్య మధ్య మంచు మీద నెత్తుటి చుక్కలు. అవీ బోను వైపే పోయాయి.

బోను తలుపు పడి ఉంది. లోపల మిన్ను బాసింపట్టు వేసుకుని కూచుని ఉంది. చేతిలో ఉండ, మూతి నిండా బెల్లం.

అల్లుడు తలుపెత్తాడు. సుధ లోపలికి పాకి పాపను ఒళ్ళోకి లాక్కుంది. అప్పుడు చూశాను. నైట్ డ్రెస్సు మీద పాపకు ఒక గుడ్డ చుట్టి ఉంది. ఛాతీ మీద అడ్డంగా తిప్పి, మెడ వెనక ముడి. మిగతాది మడతలుగా కాళ్ళ మీద కప్పి ఉంది. ఎర్రంచు పచ్చ చీర.

చలికి ముడి రాకపోతుంటే సుధ, "ఎవరేశారే ఇది, రానే రావట్లేదు," అని ఏడుస్తూనే విసుక్కుంది. నేను వంగి చూశాను. ముడి తిరగబడి ఉంది.

"ఎవరు కట్టారు తల్లీ?" అన్నాను.

పాపకు తెలుగు అర్థమవుతుంది కానీ నోట్లోంచి ఇంగ్లీషే వస్తుంది. "అదర్ అవ్వ," అంది, ఎందుకడుగుతున్నావన్నట్టు. ఇంకో అవ్వ. తలుపు పడితే భయమేసిందట. ఇంకో అవ్వ బయట కూచుని ఉందట. ఏడవొద్దని చెప్పలేదట, ఊరికే కూచో అందట. ఆ మాట ఒక్కటి పాప తెలుగులో అంది, "కూసో" అని. మా ఇంట్లో ఎవరూ అలా అనరు. పంది వస్తే ఇంకో అవ్వ చెయ్యెత్తి "హో" అందట. ఆమె చెవులు ఎలా ఉన్నాయో తన చెవి తమ్మె కిందికి లాగి చూపించింది. మా అత్తకు బరువు కమ్మలు పెట్టి పెట్టి చెవి తమ్మెలు భుజాల దాకా సాగి ఉండేవి.

అప్పటికి విరెము కుక్కలతో వచ్చాడు. పాప చెప్పిందేదీ ఆయన చెవిన పడలేదు కాబట్టి ఆయన చూసిందే నాకు ఎక్కువ సాక్ష్యం. పంది జాడ వెంట నడిచి వచ్చాడు. అది తిన్నగా బోను దాకా వచ్చి, తలుపుకు కొంచెం ఇవతల ఆగి, నేలను గీరి, వచ్చిన దారినే పరిగెత్తింది. అడుగులు దూరం దూరంగా పడ్డాయి. దీన్ని ఏదో తరిమింది, అన్నాడు.

తర్వాత తలుపు ముందు నేల చూపించాడు. చుట్టూ తెల్లగా మంచు. అక్కడ మాత్రం, ఒక మనిషి కూచున్నంత మేర, పచ్చగా ఉంది. మంచు కరగలేదు, అసలు పట్టనే లేదు. దాని దగ్గరికి పోయిన అడుగులు లేవు, అక్కణ్ణుంచి పోయిన అడుగులూ లేవు. కుక్కలు ఆ గడ్డిని వాసన చూశాయి. పంది పేరెత్తితే గొలుసు తెంపుకునే కుక్కలు తోకలూపుతూ అక్కడే పడుకున్నాయి.

విరెము టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సుధతో నెమ్మదిగా ఏదో చెప్పాడు. మంచు కురవకముందే ఇక్కడ ఎవరో కూచున్నారు, అన్నాడట.

మంచు కురిసేటప్పటికి మిన్ను నా పక్కలో ఉంది. దాని కాలు నా కడుపు మీద ఉంది.

అల్లుడు ఆలోచించే మనిషి. ఆ రోజే అన్నిటికీ కారణాలు వెతికాడు. గాలికి చీర ఊడి కొట్టుకొచ్చి ఉంటుంది, పాపే చుట్టుకుని ఉంటుంది అన్నాడు. కావచ్చు. కానీ మూల గుంజకు తీగ మెలికలు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, వాటి మధ్య గుడ్డ లేదు, చీరకు చిరుగు లేదు. పాప అడుగులు ఆ మూలకు పోలేదు. అంతకు ముందు ఏదో పంది అక్కడ పడుకుని ఉంటుంది, అందుకే మంచు పట్టలేదు అన్నాడు. అదీ కావచ్చు. పంది వాసన మాత్రం లేదు. చెవుల సంగతి నువ్వే ఎప్పుడో కథగా చెప్పి ఉంటావు అత్తా, అన్నాడు. నేను కథలు చెప్పే మనిషిని కానని అతనికీ తెలుసు. ఉండలు బోనులో వేసిందాన్ని నేను, వాదించడానికి నాకు నోరు లేదు.

వాళ్ళు పాపను ఎత్తుకుని ఇంటికి నడిచారు. విరెము కుక్కల్ని లేపి లోయ వైపు పోయాడు. కాళ్ళు నొస్తున్నాయని చెప్పి నేను వెనక ఆగాను.

వంగి ఆ గడ్డి మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. నా చెయ్యి గడ్డకట్టుకుపోయి అలా అనిపించి ఉండొచ్చు.

ఇంతలో కొండ మీంచి ఎండ దిగింది. మంచు అంచుల నుంచి కరుగుతూ వచ్చి, పొలమంతా ఒకటే పచ్చ అయిపోయింది. నేను చూస్తుండగానే ఆ చోటు ఎక్కడుందో తెలియకుండా పోయింది.

"పాప దొరికింది అత్తా," అన్నాను. "పొద్దెక్కింది, ఇంక లేచి ఇంటికి పో."

దయ్యాలు లేవని నేను ఇప్పటికీ అంటాను. ఆ పొద్దున లేచి ఇంటికి పొమ్మని ఎవరితో అన్నానో మాత్రం చెప్పలేను.