మూఢం రోజుల్లో నా ఆల్బమ్

పన్నెండేళ్లు నేను ఒక పాప్ గ్రూపులో పాడాను. మేం నలుగురం. కాలేజీ ఫెస్టులు, ఆఫీసుల వార్షికోత్సవాలు, పెళ్లింటి సంగీత్‌లు. మా పాట ఒకటి ఊరంతా తిరిగింది. ఆటోల్లో, జిమ్ముల్లో అదే వినిపించేది. ఆ పాటతో సహా మేం పాడినవన్నీ ఎవరో రాసిచ్చినవే.

నేను రాసుకున్నవి మాత్రం లాడ్ బజార్‌లో అమ్మ నడిపే లక్క గాజుల దుకాణంలో, గాజుల డబ్బాల అట్టల వెనక ఉండేవి. మధ్యాహ్నం బేరాలు పలచబడినప్పుడు రాసేదాన్ని. అమ్మ ఆ అట్టలు పారేసేది కాదు. రబ్బరు బ్యాండు వేసి అలమారలో పెట్టేది. చదివిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

గొడవలేమీ లేకుండానే గ్రూపు విడిపోయింది. ఒకరికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఒకరికి కవలలు పుట్టారు, ఒకరికి విసుగొచ్చింది. ముప్పై ఆరేళ్లకు నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడే మలక్‌పేటలో ఒక చర్చి పెళ్లికి పాడటానికి పిలిచారు. పెళ్లికూతురు లోపలికి నడిచి వస్తుంటే ఆరు వయొలిన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. అవి నా వీపు వెనకే ఉన్నాయి. ఆ శబ్దం వింటూ ఉండిపోయి, నేను పాట అందుకోవాల్సిన చోట అందుకోలేదు.

ఆ వయొలిన్లు వాయించినవాళ్లకు నేర్పినాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. డెబ్బై దాటిన మనిషి. అందరూ సార్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. మర్నాడే ఆయన ఇంటికి వెళ్లి నా మనసులో మాట చెప్పాను. నా పాటలతో ఆల్బమ్ చేయాలి, వెనక కీబోర్డు కాదు, నిజమైన ఆర్కెస్ట్రా కావాలి. స్వరాలు కాగితం మీద చదవడం నాకు రాదని కూడా చెప్పాను. ఫోన్లో పాడి పెట్టుకున్న పదకొండు పాటలనూ ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోనని అనుమానం వచ్చింది.

"పాటలు మంచిగనే ఉన్నయి బిడ్డా" అన్నాడు చివరికి. "గని నువ్వు ఊపిరి తీసుకునే జాగ ఒక్కటి గూడ లేదు. ఇంక వయొలిన్ యాడ నిలవడాలె?"

చాలా కోపం వచ్చింది. నాలుగు రోజులు ఆ వైపు వెళ్లలేదు. ఐదో రోజు దుకాణంలో కూర్చుని ఒక పాట అట్ట తీసి, తీసేయగలిగిన మాటలన్నీ కొట్టేశాను. సగం పోయింది. మిగిలిన సగం పాడి చూసుకుంటే అది నేను మొదట రాయాలనుకున్న పాటలా ఉంది. ఆ సాయంత్రమే సార్ దగ్గరకు పరుగెత్తాను. మూడు నెలలు అలా కొట్టేస్తూనే ఉన్నాను. ఆయన ఖాళీ అయిన చోటల్లా పెన్సిల్‌తో వయొలిన్లకూ, వాటికంటే పెద్దగా, గంభీరంగా పలికే చెల్లోలకూ భాగాలు రాస్తూనే ఉన్నాడు. పదకొండో పాటను మాత్రం వద్దన్నాడు. అది నా పాట కాదట, మా గ్రూపు పాటట. నిజమే.

దాని బదులు ఇంకొకటి రాయలేక అవస్థ పడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం దుకాణంలో అమ్మ ఒక చిన్న పాపకు గాజులు ఎక్కిస్తోంది. పాప ఏడుస్తోంది. అమ్మ నలభై ఏళ్లుగా ఏడ్చే పిల్లలందరికీ పాడినదే మళ్లీ పాడింది:

చెయ్యి మెత్తగ పెట్టు చిన్నమ్మా,
వేళ్లు ముడుసుకో నా తల్లీ,
ఒకటి పాయె, రెండు పాయె,
నొప్పి పాయె గల్లీ దాటి.

పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అది పాట అని ఆ రోజే తెలిసింది. ఆల్బమ్‌లో పెడతానంటే అమ్మ నవ్వి, అదేం పాట, పిల్లల దృష్టి మళ్లించే ముచ్చట అంది.

సార్ శిష్యులంతా కలిపి ఇరవై మంది దాకా అయ్యే ఆర్కెస్ట్రా ఒకేసారి పట్టే స్టూడియో మాకు దొరకలేదు. అంతలో మూఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు కాబట్టి మలక్‌పేటలోని ఒక ఫంక్షన్ హాలు ఖాళీ. బరాత్ ఊరేగింపుల్లో వాయించే బ్యాండు వాళ్లూ ఖాళీ. హుస్సేనీ ఆలంలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉండే క్లారినెట్ భాయ్‌ని అడిగితే, ఇద్దరు ట్రంపెట్ వాళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన ముందు సార్ స్వరాల కాగితం పెడితే మర్యాదగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కసారి వినిపిస్తే చాలన్నాడు. వయొలిన్ల వాళ్లు మొహాలు చూసుకున్నారు. వినిపించాక ఆయన వాయించింది విని, వాళ్లే కుర్చీలు ఆయన వైపు జరుపుకున్నారు.

పది పాటలు ఐదు రోజుల్లో పూర్తయ్యాయి. అమ్మ పాట దగ్గర ఆగిపోయాం. నాలుగుసార్లు వాయించినా ఊరేగింపులా బరువుగా వస్తోంది. అందరికీ బగారా అన్నం, దాల్చా తెచ్చిన అమ్మ గిన్నెల పక్కన నిలబడి వింటోంది. ఐదోసారి మొదలుపెట్టబోతుంటే ముందుకు వచ్చింది.

"గంత మెల్లగ పాడితె పోరి చెయ్యి గుంజుకుంటది సారూ" అంది.

సంచిలోంచి డజను గాజులు తీసి, ముందు వరుసలో ఉన్న వయొలిన్ అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఎక్కిస్తూ పాడింది. 'ఒకటి పాయె' అన్నప్పుడు ఒక గాజు వేళ్ల కణుపులు దాటింది. 'రెండు పాయె' అన్నప్పుడు రెండోది. భాయ్ క్లారినెట్ ఎత్తి ఆ వెంటే వెళ్లాడు. సార్ తన కాగితం తిప్పేసి, మిగతా వాళ్లను కూడా తిప్పేయమని సైగ చేశాడు. చెల్లోలు వచ్చాయి, వయొలిన్లు వచ్చాయి, రెండోసారికి నేను పాట అందుకున్నాను. అయ్యేసరికి ఆ అమ్మాయి ముంజేతి నిండా గాజులున్నాయి. ఆమె వయొలిన్ ఒళ్లోనే ఉంది. తన భాగం వాయించనే లేదు, నవ్వుతోంది.

రికార్డింగు చూసే అతను గాజుల చప్పుడు కూడా పడిందని, ఇంకోసారి చేద్దామని అడిగాడు. సార్ తల అడ్డంగా ఊపాడు.

"ఉండనియ్. గంత మంచి వాయిద్యం నేను యాడికెల్లి తేవాలె?"

ఆల్బమ్ బయటికొచ్చాక మొదటి వారాల్లో మాకు తెలిసినవాళ్లే విన్నారు. తర్వాత అమ్మ పక్క దుకాణంలో ఒకరోజు ఆ గాజుల పాట మోగింది. ఎదురు దుకాణంలో మోగింది. కొనడానికి వచ్చినవాళ్లు ఆ పాట ఏదని అడిగి ఫోన్లలో పెట్టుకుపోయారు. మా పాత గ్రూపు ముగ్గురూ ఫోన్ చేశారు. మొత్తం ఆల్బమ్ ఎదురుగా వినాలని అందరూ పట్టుబట్టడంతో, అదే ఫంక్షన్ హాలులో ఒక సోమవారం మధ్యాహ్నం కచేరీ పెట్టాం. బజారు వాళ్లు ఇంటివాళ్లతో వచ్చారు, చర్చి వాళ్లు వచ్చారు. సార్ ఇస్త్రీ చేసిన నల్ల కోటు వేసుకుని ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డాడు. పాడుతూ నేను ఎక్కడెక్కడ ఆగానో అక్కడల్లా వెనక నుంచి ఆ వయొలిన్లు వచ్చాయి. ఈసారి పాట అందుకోవాల్సిన చోటే అందుకున్నాను.

జనం వెళ్లాక, సాయంత్రం ఇంకో ఫంక్షన్ ఉందని, కుర్చీలు తీయాలని వాచ్‌మన్ చెప్పాడు. ఇరవై మందిమీ తలా ఒక వరుస తీసుకుని పేర్చడం మొదలుపెట్టాం. ఎవరు ముందు పాట ఎత్తుకున్నారో తెలియదు. చెల్లో వాళ్లు చెల్లో భాగం, ట్రంపెట్ వాళ్లు ట్రంపెట్ భాగం, ఎవరిది వాళ్లు నోటితోనే కూనిరాగం తీస్తూ హాలంతా తిరుగుతున్నారు. సార్ కోటు విప్పి భుజాన వేసుకుని, రెండేసి కుర్చీలు మోస్తూ, మధ్య మధ్య వాళ్ల శ్రుతి సరిచేస్తున్నాడు.