ఉప్పెక్కిన నారుమడి

రేపల్లె దిగువన మా నారుమడిని రొయ్యల చెరువు ఉప్పునీరు ముంచేసింది. తూము మూయనివాడు పనివాడు. ఆ చెరువు, ఆ తూము, ఆ రొయ్యలు యజమానివి. అయినా ఆయన నాకేం సంబంధం అన్నాడు.

మా వైపు చెరువులకు డీజిలు ఖర్చు లేకుండా నీరు పెట్టే పద్ధతి ఒకటుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగుకాలవలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. అప్పుడు తూము పలకలు ఎత్తితే చెరువు దానంతటదే నిండుతుంది. పలకలు మళ్ళీ దించేదాకా మాత్రం మనిషి అక్కడే నిలబడాలి. ఈ యజమాని రెండుచోట్ల చెరువులకూ ఒక్కణ్ణే పెట్టుకున్నాడు. ఆ పొద్దున అతను ఇక్కడ పలకలెత్తి, మేత వేయడానికి అవతలి చెరువుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి నీరు గట్టు పొర్లి మా మడిలో పడింది. వేలెడు ఎదిగిన నారు ఎర్రబడి ఎండిపోయింది.

"తప్పు నాదే బాబాయ్. అక్కడ మేత ఆలస్యమైతే ఫోన్లో తిడతారని పరిగెత్తా," అన్నాడు. సముద్రం మీద వేట మానుకొని ఈ పనికి కుదిరిన మనిషి. అతణ్ణి ఏమనడానికీ నాకు నోరు రాలేదు.

యజమాని ఉండేది తెనాలిలో. రైలెక్కి వెళ్ళాను. డబ్బు వద్దు, పంటకాలవకు మంచినీరు వదిలారు, మీ ఇంజను పెట్టి ఆ నీటితో మడి కడిగించండి, అదను దాటకముందే మళ్ళీ విత్తనం చల్లుకుంటాను అన్నాను.

"తూము నేనెత్తానాండీ బాబాయ్‌గారూ? వాణ్ణడగండి."

"పనిలో ఉండగా పనివాడు చేసిన నష్టానికి, పెట్టుకున్నాయనే జవాబు చెప్పాలండి. చట్టం అది."

"ఏ కాలేజీలో చదివారేంటి?"

"పకోడీల పొట్లాల మీదండి. మీరు తిని పారేస్తారు, నేను విప్పి చదువుతాను."

పక్కనున్న గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. యజమాని నవ్వలేదు. "చూద్దాం లెండి," అన్నాడు.

చూడలేదు. బాపట్లలో మత్స్యశాఖ ఆఫీసుకు వెళితే అక్కడి సారూ తూము ఎత్తినవాడి మీదే ఫిర్యాదు ఇమ్మన్నాడు. "రొయ్యలమ్మితే లాభం అతనికొస్తుందాండీ?" అని అడిగాను. కాగితం నా ముందుకు తోశాడు. పనివాడి పేరు రాయనని, యజమాని పేరే రాసిచ్చి వచ్చాను.

చుట్టూ నాట్లు పడుతున్నాయి. మా మడి మాత్రం తెల్లగా ఉప్పు పూసి ఉంది. ఫోను చేస్తే ఆయన ఎత్తడు. ఈలోగా చెరువు గట్టు మీద కొత్త మనిషి కనిపించాడు. పాతతను ఏడీ అంటే, "మానిపించేశారంట తాతా," అన్నాడు. నేను అడిగింది కాసిని మంచినీళ్ళు. అతని కూడు తీయమని ఎవరినీ అడగలేదు.

అదను దాటిపోయాక ఒకనాడు యజమాని ఫోనెత్తాడు. అప్పటికి మడికి ఇక లాభం లేదని తెలిసీ, ఇంజను ఎప్పుడు పంపుతారండీ అన్నాను.

"ఇంజనేంటండీ బాబాయ్‌గారూ? తప్పు చేసినవాణ్ణి తీసేశాను కదా, ఇంకేం చెయ్యమంటారు?"