పుంగనూరు దాకా ఒక అధ్యాయం

మదనపల్లెలో కుప్పం బస్సెక్కితే, పక్క సీట్లో నల్లద్దాలు పెట్టుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. కంటి ఆపరేషన్ చేయించుకుని వస్తోందట.

"డాక్టరు నెల దినాలు అచ్చరం సూడొద్దన్నాడు. ఒక అధ్యాయం సదివి ఇనిపిస్తావా అప్పా?" అంటూ సంచిలోంచి బైబిల్ తీసి నా చేతిలో పెట్టింది.

"దానికేముందమ్మా, నేనూ విశ్వాసినే" అని గట్టిగా చదవసాగాను. ఒళ్లో ఫోన్ వెలుగుతూనే ఉంది. నోరు చదువుతుంటే బొటనవేలు మెసేజీలకు జవాబులు కొడుతోంది. అధ్యాయం అయిపోగానే పుస్తకం మూసేశాను.

"కడాన ప్రభువు ఏం సెప్పినాడప్పా? హారన్ మోతలో ఇనపల్యా" అని అడిగింది.

చదివింది నేనే. ఏం చదివానో నాకే తెలియదు. ఏ పేజీ మూశానో కూడా తెలియక పుస్తకం అటూ ఇటూ తిప్పాను.

ఆమెకు అర్థమైంది. "పోనీలేప్పా, నాకూ అట్ల శానాసార్లు అయ్యింది. మళ్లా మొదుట్నుంచి సదువు. పుంగనూరు ఇంకా దూరం ఉండాది" అంది.

ఫోన్ జేబులో పెట్టి మెల్లగా చదివాను. "ఆడ రోంతసేపు నిలుపప్పా" అన్నచోట ఆగాను. ఆమె తలూపాకే తర్వాతి వచనం చదివాను.

పుంగనూరులో దిగబోతూ, "మీ సంఘంలో ఏం జేస్తావప్పా?" అని అడిగింది.

ప్రతి ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది నేనే.

"ఊరికే పోయొస్తానమ్మా" అన్నాను.

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం, మరుసటి రోజు చదవాల్సిన భాగాన్ని ఒక్కణ్ణే కూర్చుని, పైకి వినబడేలా చదువుకుంటున్నాను.