అమ్మ బట్టల గది, బాపు కారు షెడ్డు

ఆ రోజుల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు దేవుడి గదికీ, తర్వాత వంటగదికీ చోటు చూసుకునేవారట. మా బాపు మాత్రం నాంపల్లి స్టేషనుకు కూతవేటు దూరంలోని మా సందులో ముందు కారు షెడ్డు కట్టించి, మిగిలిన జాగాలో మమ్మల్ని సర్దాడు. కారు ఉందా అని అడక్కండి. అప్పుడూ లేదు, ఆ తర్వాతా రాలేదు. కానీ షెడ్డుకు రెండు రెక్కల ఇనుప గేటు ఉండేది, దానికి నిగనిగలాడే పచ్చ రంగు ఉండేది. కారు కడిగిన నీళ్లు బయటికి జారిపోవాలని గచ్చును గేటు వైపు వాలుగా చేయించిన ముందుచూపు కూడా ఉండేది. ఏటా దసరాకు సందులో అందరూ తమ స్కూటర్లకు దండలు వేస్తుంటే, మా బాపు మొజంజాహీ మార్కెట్ నుంచి బంతిపూలు తెచ్చి ఖాళీ షెడ్డు గేటుకు కట్టి, దాని ముందు గుమ్మడికాయ కొట్టేవాడు. "జాగ తయారుగ ఉంటే బండి అదే వస్తది" అనేవాడు. సందులో ఆయన పేరు షెడ్డు సార్. (మా ముందు ఎవరూ అనలేదు. మేం దాటాక అననివాళ్లూ లేరు.)

ఇక బట్టలు ఉతికే గది సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మెట్ల కింద, షెడ్డు గోడకు ఆనుకుని మిగిలిపోయిన మూలకు తలుపు బిగించి దానికి గది అని పేరు పెట్టారు. అమ్మ అందులోకి వంగి వెళ్లేది, కూర్చుని ఉతికేది, వెనక్కి వెనక్కి జరుగుతూ బయటికి వచ్చేది. లోపల తిరగడానికి చోటుంటే కదా! తల ఎత్తితే మెట్టు తగిలేది. అలాంటి గదిలో ఇంటిల్లిపాది దుప్పట్లు ఉతికే మనిషే, రోజూ పొద్దున్నే ఖాళీ షెడ్డు ఊడ్చి, దాని గేటు ముందు ముగ్గు వేసేది. రాని కారుకు ముగ్గు, ఉన్న మనిషికి మొట్టికాయ. ఇదెక్కడి న్యాయం?

ఆబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో నాకు ఉద్యోగం దొరికిన కొత్త అది. లోకంలోని అన్యాయాలన్నీ నేనే సరిచేయాలన్న ఊపులో ఉన్నాను. మొదటి దెబ్బకు బట్టలుతికే మిషన్ కొన్నాను. ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాక తెలిసింది, అది ఆ గది తలుపులోంచే దూరదని. (జనానికి చూపు సరిచేసే దానివి, ఇంట్లో కొలత చూసుకోలేదా అని అడక్కండి. కోపంలో ఉన్నవాళ్లు టేపు పట్టుకోరు.) మిషన్ హాల్లో కూర్చుంది. అమ్మ దానిమీద తెల్లగుడ్డ పరిచి, పూలకుండీ పెట్టి, మళ్లీ వంగి మెట్ల కిందికి వెళ్లిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాపూ, నడుమ గోడ తీపిద్దాం. మిషన్ షెడ్డుల పెట్టుకోవచ్చు. ఖాళీగనే ఉంది గద?" అన్నాను.

"ఖాళీగ ఏడున్నది? కారు కోసం ఉన్నది."

"కారేది మరి?"

"రేపొస్తే ఏడ పెడ్తం? నీ నెత్తి మీదనా?"

నేను సాయం కోసం అమ్మ వైపు చూశాను. "నాకేమైంది బిడ్డా, అలవాటే గద" అంది అమ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని. ఎవరి కోసం పోరాడుతున్నామో వాళ్లే అవతలి పక్షాన చేరితే ఎంత కడుపు మండుతుందో నన్నడగండి.

ఒక ఆదివారం ఖైరతాబాద్‌లో ఉండే మా మేనమామ తన కారులో వచ్చాడు. "మామా, కారు ఎండల ఎందుకు? మా షెడ్డుల పెట్టరాదా?" అన్నాను. (నా మనసులో ఏ కుట్రా లేదని మాత్రం చెప్పను.) బాపు మొహం వెలిగిపోయింది. పరుగున వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. ఆయన ఎన్నడూ పట్టించుకోనిదీ, నేను రోజూ చూస్తున్నదీ ఒకటుంది. షెడ్డు కట్టాక ఎవరో వచ్చి గేటుకు ఎదురుగా కరెంటు స్తంభం పాతిపోయారు. "రానీ... రానీ... జర ఎడమకు... ఔ, రానీ!" అని బాపు రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. కారు ముక్కు గేటుకు, తోక స్తంభానికి తగిలి, సందుకు అడ్డంగా ఇరుక్కుపోయింది. అటు ఆటోలు, ఇటు ఆటోలు. అరటిపండ్ల బండి ఆయన తాపీగా ఒక పండు ఒలుచుకుంటూ, "సార్, కారు పీకుతరా, స్తంభం పీకుతరా? జర జల్ది చెప్పున్రి" అన్నాడు. చివరికి సందులోని మగవాళ్లంతా కలిసి కారును పక్కకు ఎత్తి బయటికి లాగారు. మామ గీత పడ్డ తలుపును తడుముకుంటూ, "బావా, గిది కారు షెడ్డు కాదు, సైకిల్ షెడ్డు!" అని వెళ్లిపోయాడు.

బాపు ఆ స్తంభాన్ని అప్పుడే మొలిచినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత గేటు మూసి, "మేస్త్రీని పిలువున్రి" అని గదిలోకి వెళ్లిపోయాడు. నేను గెలిచాను. అయినా కోపం చల్లారలేదు. ఇన్నేళ్ల అమ్మ నడుం నొప్పి చేయలేని పని మామ కారు మీద ఒక్క గీత చేసింది, చూశారా!

గోడ కొట్టేశాక షెడ్డూ గదీ ఒకటైన ఆ జాగాలోకి అమ్మ నిటారుగా నడిచి వెళ్లింది. నడుమ నిలబడి చుట్టూ ఒకసారి తిరిగింది. పనేమీ లేకపోయినా ఇంకోసారి తిరిగింది. బాపు మాత్రం అటు అడుగు పెట్టలేదు. మిషన్‌ను షెడ్డులోకి మార్చాక దానికి ఇంకో జబ్బు కూడా బయటపడింది. గచ్చు వాలు కదా, బట్టలు పిండే వేళకు అది గడగడా ఊగుతూ గేటు వైపు నడక మొదలుపెట్టేది. కాళ్లకు ఇటుకలు అడ్డం పెట్టి ఆపేవాళ్లం.

దసరా వచ్చింది. బాపు ఎప్పటిలాగే బంతిపూలతో గేటు తెరిచాడు. మళ్లీ లేని కారుకు పూజ చేస్తే ఈసారి ఊరుకునేది లేదని నేను చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నావైపు చూడలేదు. దండ తీసుకెళ్లి మిషన్‌కు వేశాడు. పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఇటుకలు తీసేసి, నాలుగు కాళ్ల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. "నీ బండే గద, నువ్వే తిప్పు" అన్నాడు అమ్మతో. అమ్మ మీట తిప్పింది. మిషన్ గుర్రుమంది, ఊగింది, నిమ్మకాయలు చితక్కొట్టుకుంటూ ముందుకు కదిలింది. బాపు గేటు దగ్గరికి ఉరికి రెండు చేతులూ ఊపసాగాడు. "రానీ... రానీ... జర ఎడమకు... ఔ!" అమ్మ నవ్వలేక గోడ పట్టుకుని కూలబడింది. నేను కట్టుకున్న చేతులు విప్పి, ఇటుకలు అందుకోవడానికి ఉరికాను.

ఇప్పుడు నేనుండేది అపార్ట్‌మెంట్‌లో. మెట్రో ఉండగా కారెందుకని కొనలేదు గానీ, కింద నాకో పార్కింగ్ జాగా ఉంది. మొన్న వానల్లో పై ఇంటి కొత్త కోడలు వచ్చి, "ఆంటీ, మీ పార్కింగ్ ఖాళీనే ఉంది కదా, బట్టలు ఆరేసుకోనా?" అని అడిగింది. "రేపు కారొస్తే ఏడ పెడ్తం?" అనేశాను. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. సాయంత్రం నేనే దిగి వెళ్లి తాడు కట్టి ఇచ్చాను. దసరా రోజు మాత్రం బట్టలు తీసేయమని చెప్పాను. జాగా తయారుగా ఉండాలి కదా.