ఎత్తి చూడకూడని గొట్టం

“మాట వణికినా ఫర్వాలేదబ్బాయ్, చెయ్యి వణక్కూడదు,” అంటూ పిన్ని సన్నటి గాజు గొట్టాన్ని వాలుగా పట్టుకుంది. అడుగున ఎర్రటి ద్రావణం. దాని మీదికి, గొట్టం గోడ వెంబడి, హెక్సేన్ అనే రంగులేని ద్రవాన్ని చుక్క చుక్కగా వదులుతోంది. ఎరుపు మీద తేటగా ఇంకో పొర నిలిచింది. నడుమ వెంట్రుకంత గీత.

ఆమె మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సహాయకురాలు. పిల్లల దగ్గర్నుంచి ప్రొఫెసర్ల దాకా అందరికీ పిన్నే. పక్కనున్న స్టోరు గది నాది. నలభై దాటినా ఆమెకు నేను అబ్బాయినే. సీసాల మీది చీటీలు చదివి కొంత కెమిస్ట్రీ నేర్చుకున్నాను. మిగతాది ఆమె పక్కన స్టూలేసుకుని విన్నదే.

“ఇప్పుడేమవుతుంది పిన్నీ?”

“ఏమీ అవదు. అవనట్టే ఉంటుంది. పైది కిందికి, కిందది పైకి మెల్లగా ఇంకుతాయి. కరిగున్న సరుకుకి చోటు చాలక స్ఫటికమై కూర్చుంటుంది. తొందరపెట్టామా, పిండే!”

ఆ పిండి సంగతి ఆమెకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట గాజు సామాను కడగడానికి చేరిన కొత్తలో, మొదటిసారి పొరలు వేసే పని ఇచ్చారట. ఆగలేక గంటకోసారి గొట్టం ఎత్తి కిటికీ వెలుగులో చూసేది. మూడోరోజుకి అడుగున అంతా పొడి.

“అప్పట్లో ల్యాబు చూసే పెద్ద మేడమ్ తిడుతుందనుకున్నా. ‘నిద్రపోయావా అని పసిపిల్లని లేపి అడిగావటే?’ అంది, అంతే. మర్నాడు మళ్ళీ నా చేతికే ఇచ్చింది చూడూ... ఆ వారమంతా గొట్టానికి వీపు పెట్టి సామాను కడిగాను. సోమవారం చూద్దును కదా, నాలుగు ఎర్ర సూదులు!”

ఇవాళ్టి గొట్టంలోది పరిశోధన చేసే ఒకమ్మాయి సరుకు. మూడుసార్లు పొడే వచ్చింది. మిగిలింది ఇంతే. స్ఫటికం రాకపోతే లోపలి అమరిక తేల్చే ఎక్స్‌రేకి పెట్టడానికేమీ ఉండదు, రెండేళ్ళ పని మళ్ళీ మొదటికి. మొలవడానికి పది రోజులు పడుతుంది. పిన్ని ఉద్యోగానికి ఇవాళే ఆఖరు.

ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

“పిన్నీ, ఆ మూడుసార్లూ... నేనే ఎత్తి చూశాను.”

పిన్ని కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెను చూసింది. పకపకా నవ్వింది. “నాకు వారసురాలు లేదనుకున్నానే!”

ఫ్రిజ్ మోటారు అదురు తగలని మూల అరలో పాత తువ్వాలు మడతేసి, గొట్టాన్ని దాని మీద స్టాండులో నిలబెట్టింది. అర తాళంచెవి నా చేతికిస్తుందనుకుని చెయ్యి చాపాను. నన్ను దాటి వెళ్ళి అమ్మాయి చేతిలో పెట్టింది.

అమ్మాయి వెళ్ళాక నా స్టోరు గుమ్మం దాకా వచ్చి భుజం తట్టింది.

“అబ్బాయ్, నాకో పని చేసిపెట్టు. ఈ పది రోజులూ ఆ పిల్ల ఇటొచ్చినప్పుడల్లా నీ స్టోరులోకి పిలిచి స్టూలెయ్యి. ఏదో ఒకటి అడుగు, కబుర్లు చెప్పించుకో. నువ్వు వింటూ కూర్చుంటే మనిషికి వేరే ధ్యాస ఉండదు.”