ఎవరి పిండి వాళ్ల డబ్బాలో

నా భార్య పోయిన నెల చనిపోయింది. నేను క్లాసులో ఉన్నాను. మా కాలేజీ అటెండర్ తలుపు దగ్గరికి వచ్చి, "సారూ, గిర్ని కాడికి రమ్మంటున్నరు" అన్నాడు. అతని ముఖం చూసి ఎందుకని అడగలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయలుదేరాను.

ఎవరివో గోధుమలు పట్టి ఇచ్చిందట. మిషన్ బంద్ చేసి, స్టూలు మీద కూర్చొని మంచినీళ్లు అడిగిందట. నీళ్లు తెచ్చేలోపే ఒరిగిపోయింది. డాక్టరు గుండె అన్నాడు. ఆమెకు యాభై నిండలేదు.

ఆ పిండిగిర్ని సూర్యాపేటలో, మార్కెట్ రోడ్డు వెనక సందులో ఉంది. ఆమె గురించి రాయాలంటే గిర్ని గురించి రాయాలి. గిర్ని గురించి రాయాలంటే నా అప్పుల గురించి రాయాలి. అది దాచి ఆమెను మెచ్చుకుంటే అన్యాయం అవుతుంది.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. చదివేవాళ్లు ఇక్కడ నవ్వుకోవచ్చు. ఆమె కూడా నవ్వేది.

మా చుట్టాల్లో నెలనెలా జీతం బ్యాంకులో పడేది నాకొక్కడికే. అందుకే నా పేరుకు గిరాకీ ఉండేది. షాపుల్లో వాయిదాల మీద సామాను ఇవ్వాలంటే జీతం కాగితం అడుగుతారు. ఆ కాగితం లేనివాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లు. డబ్బు అడగడానికి మొహమాటపడే మనిషి కూడా పేరు అడగడానికి మొహమాటపడడు. పేరు ఇస్తే చేతి నుంచి ఏమీ పోదు కదా అని అందరి లెక్క. నా లెక్క కూడా అదే. అలా మిర్యాలగూడలో రైసు మిల్లులో పనిచేసే మా తమ్ముడికి బండి తీసుకున్నాను. కోదాడలో ఉండే ఆమె అన్నకు ఫ్రిజ్జు, అటెండర్‌కు ఫోను. అన్నీ నా సంతకం మీదే.

వాళ్లెవరూ మోసగాళ్లు కారు. ఒక నెల తప్పితే మరుసటి నెల రెండూ కలిపి నా చేతిలో పెట్టేవాళ్లు. రెండూ కట్టాక ఇక గొడవేముంది అనుకున్నాను. తప్పిన ప్రతి నెలా నా పేరు కింద మచ్చలా నిలిచిపోతుందని ఆలోచించలేదు. ఫైనాన్స్ వాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. తమ్ముణ్ని గట్టిగా అడగలేక సిమ్ మార్చాను. కామర్స్ లెక్చరర్ చేసిన పని అది.

ఆమె అప్పటికి ఎనిమిదేళ్లుగా ఆ గిర్నిలో జీతానికి పనిచేస్తోంది. ఓనరు పెద్దాయన, షావుకారు. ఒకరోజు ఆమెను పిలిచి, "మోకాళ్లు పోయినయమ్మా. మా పిల్లలకు ఈ దుమ్ము పడదు. నువ్వే తీస్కో, లేకుంటే అమ్మేస్త" అన్నాడు.

ఆ రోజు ఆమె ఇంటికి నడిచి వచ్చిన తీరు నాకు గుర్తుంది. కనుబొమ్మల మీద పిండి కూడా తుడుచుకోలేదు.

బ్యాంకుకు ఇద్దరం వెళ్లాం. మేనేజర్ నా నంబరు కొట్టి, స్క్రీన్ చూసి, గొంతు తగ్గించాడు. "మేడం మీద ఏం లేదు సార్. మీ క్రెడిట్ స్కోరే బాగా లేదు. మీ సంతకం లేకుండా ఇంత లోన్ మేడం ఒక్కరికి రాదు." ఆ వారంలోనే నేను ఆమెకు చెప్పకుండా ఇంకో రెండు బ్యాంకుల్లో అడిగి వచ్చిన సంగతి కూడా స్క్రీన్ మీద ఉంది. "అడిగిన కొద్దీ ఇంకా తగ్గుతది సార్. కొన్నాళ్లు ఎక్కడ అడగకుండ్రి. ముందు ఉన్నవి సాఫ్ చేసుకోండి."

బయటికి వచ్చి చాయ్ తాగుతుంటే ఆమె అడిగింది.

"ఎన్ని?"

"మూడు."

అంతే మాట్లాడుకున్నాం. సాయంత్రం ఆమె షావుకారు దగ్గరికి వెళ్లింది. ఆయన "రెండు దసరాలు ఆగుతనమ్మా. మూడోది నా చేతిల లేదు" అన్నాడట.

నా అప్పులన్నీ రాసి ఉండే క్రెడిట్ రిపోర్టును ఏడాదికొకసారి పైసా లేకుండా తీసుకోవచ్చని మేనేజరే చెప్పాడు. నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తెచ్చాను. ఆమె పది వరకే చదువుకుంది. వంటింటి గడప మీద కూర్చొని ఒక్కో లైను కింద వేలు పెట్టి చదివింది. నాలుగో పేజీ దగ్గర వేలు ఆగింది.

"గిది ఎవలది?"

నేను పేజీ తిప్పబోయాను.

"మూడంటివి గదా. గీ కార్డు ఎవలది?"

"నాదే."

తమ్ముడు సమయానికి ఇవ్వలేని కొన్ని నెలల్లో ఆ క్రెడిట్ కార్డు మీద డబ్బు తీసి కట్టాను. వాడు తర్వాత ఇచ్చింది ఇంటి ఖర్చులకు పోయింది. తర్వాత కనీసం కట్టాల్సింది మాత్రమే కడుతూ వచ్చాను. అసలు తరగలేదు, పెరిగింది. ఆమెకు తెలియకుండా రెండేళ్లు నడిపాను.

ఆమె అరుస్తుందనుకున్నాను. లేచి, చెప్పులు వేసుకొని బయటికి వెళ్లింది. గేటు చప్పుడైంది. నిమిషం తర్వాత మళ్లీ గేటు చప్పుడైంది. లోపలికి వచ్చి, చుట్టం వచ్చినట్టు కుర్చీలో కూర్చుంది.

"సారూ, జర మంచినీళ్లు ఇయ్యుండ్రి."

ఇచ్చాను. మొత్తం తాగి గ్లాసు కింద పెట్టింది.

"మీ పేరు మీద ఒక కార్డు ఉన్నదట. నెలకు ఎంత కడ్తరో, ఏ తారీఖు కడ్తరో సెప్పుండ్రి. రాసుకొని పోత."

మా పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆమె నన్ను 'మీరు' అన్నది ఆ ఒక్క సాయంత్రమే. నేను చెప్పాను. రాసుకుంది. నోటుబుక్కులో తమ్ముడికొక పేజీ, అన్నకొక పేజీ, అటెండర్‌కొక పేజీ. నాలుగో పేజీ మీద 'సారు' అని రాసింది.

గిర్నిలో ఆమెకొక అలవాటు ఉండేది. ఒకరి జొన్నలు పట్టాక, ఇంకొకరి గోధుమలు పోసే ముందు మిషన్ ఖాళీగా కాసేపు తిప్పేది. పిండి జారే గుడ్డ సంచిని అరచేత్తో నాలుగు వైపులా తట్టేది. సంచి మడతల్లో ఇరుక్కున్న గుప్పెడు పిండి రాలుతుంది. అది ముందువాళ్ల డబ్బాలో వేసేది. వాళ్లు వెళ్లిపోతుంటే సందు చివరిదాకా పోయి పిలిచేది. "ఎవరి పిండి వాళ్ల డబ్బాల్నే పడాలె" అనేది. నా అప్పుల్ని కూడా ఆమె అట్లాగే పట్టింది.

మొదటిసారి మిర్యాలగూడకు నేనూ వెంట వెళ్లాను. మా తమ్ముడి ఇంట్లో కూర్చొని నీళ్లు తాగాక అడిగింది.

"మరిదీ, మిల్లుల జీతం ఏ రోజు పడ్తది?"

"ఏడున పడ్తది వదినా."

"బండి పైసలు ఏ రోజు కోస్తరు?"

"ఐదున."

ఆమె నా వైపు చూసింది. రెండు రోజుల తేడా. ఆ రెండు రోజుల వల్ల ప్రతిసారీ చేబదులు వెతకడం, దొరకకపోతే తప్పడం, దాని మీద జరిమానా. ఇన్నాళ్లలో ఒక్కసారైనా జీతం ఎప్పుడు పడుతుందని నేను తమ్ముణ్ని అడగలేదు. ఆమె ఫైనాన్స్ ఆఫీసుకు పోయి తారీఖు పదికి మార్పించింది. మళ్లీ ఆ బండి వాయిదా తప్పలేదు.

అప్పటి నుంచి ఎనిమిదో తారీఖు ఆమె తిరిగే రోజు అయింది. పొద్దున మిర్యాలగూడ బస్సు, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ, సాయంత్రానికి సూర్యాపేట. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. ఎవరి దగ్గరా డబ్బు చేతికి తీసుకునేది కాదు. వాళ్ల ముందే కట్టించి, ఫోన్లో మెసేజ్ చూసి, పేజీలో టిక్కు పెట్టేది.

మా దగ్గర ఉన్నప్పుడు మా మాటే మాట్లాడేది గాని, కోదాడలో బస్సు దిగితే పుట్టింటి మాట వచ్చేసేది. ఆమె అన్న బాగా వేళాకోళం మనిషి.

"ఈ ఫ్రీ బస్సు వచ్చాక మాకు తప్పించుకునే దారి లేకుండా పోయిందమ్మా. ఫోన్ చేస్తే సరిపోదూ?"

"ఫోన్లో అయితే సరే సరే అనేస్తావు అన్నయ్యా. ఎదురుగా కూర్చుంటే నీకే సిగ్గేస్తుంది."

"అయితే సిగ్గుపడుతున్నాను గాని, భోజనం చేసి పో."

"ముందు ఫ్రిజ్జుది కట్టు. తర్వాత దాన్లో పెట్టిన పెరుగు పొయ్యి."

ఏ ఇంటికి పోయినా ముందు నీళ్లెందుకు అడుగుతావని ఒకసారి అడిగాను. "నీళ్లు ఇచ్చినంక మనిషి మెత్తవడ్తడు. తాగినంక నేను గూడ" అంది.

కార్డు వాళ్ల మనిషి ఒక ఆదివారం ఇంటికి వచ్చాడు. సగం కడితే మిగతాది వదిలేస్తామన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆమె చేతులు కడుక్కొని వచ్చి కూర్చుంది.

"సగం కడితే రిపోర్టుల ఏమని రాస్తరు తమ్మీ?"

"సెటిల్డ్ అని రాస్తరక్కా."

"మొత్తం కడితే?"

"క్లోజ్డ్ అని."

"బ్యాంకోళ్లు ఏది సూసి లోన్ ఇస్తరు?"

అతను మంచివాడు. తల గోక్కొని నవ్వాడు. "నన్నెందుకడుగుతవక్కా, నీకు తెల్సినట్టే ఉంది."

"అయితే మొత్తం కడ్తం. జర టైమియ్యి."

మూడేళ్లుగా ఆమె కడుతున్న చిట్టీ ఒకటి ఉంది. నష్టానికి పాడి ఎత్తుకొచ్చి కార్డు ఖతం చేసింది. కార్డును కత్తెరతో నాలుగు ముక్కలు చేసింది. నేను పక్కనే నిలబడి చూశాను.

అటెండర్ ఫోను డబ్బులు ఎప్పుడో అయిపోయినా రిపోర్టులో బాకీ ఉన్నట్టే కనిపించేది. ఆ ఫోను ఫైనాన్స్ ఆఫీసులో అడిగితే, సిస్టంలో అయితది మేడం అన్నారట. "ఎన్నడైతది?" "అయితది మేడం." "అయితే గీడనే కూసుంట" అని టిఫిన్ డబ్బా తెరిచి అక్కడే అన్నం తిన్నదట. మూడోసారి పోయినప్పుడు బాకీ లేదన్న కాగితం చేతికి ఇచ్చారు. ఆ కాగితం జతచేసి రిపోర్టు వాళ్లకు రాశాను. నెలా పదిహేను రోజులకు సరిచేశారు.

మొదటి దసరా వెళ్లిపోయింది. స్కోరు కొంచెమే కదిలింది. నేను నిరాశపడితే, "మచ్చ పడనీకె ఎన్నేండ్లు పట్టింది? పోనీకె గూడ పడ్తది" అని గిర్నికి వెళ్లిపోయింది. రెండో దసరాకు ఇరవై రోజుల ముందు అదే మేనేజర్ అదే స్క్రీన్ చూసి, ఈసారి గొంతు తగ్గించలేదు. కాగితాల మీద మొదటి సంతకం ఆమెది, రెండోది నాది. షావుకారు తాళంచెవులు ఆమె చేతిలో పెట్టి, "మూడోది నా చేతిల లేదన్న. నా మాట పోకుండ జేసినవమ్మా" అన్నాడు. దసరా నాడు మిషన్‌కు పసుపు పెట్టి దండ వేసింది.

ఇంటికి వచ్చాక నాకొక మాట చెప్పింది. "నీ పేరు కడిగినం. ఇగ ఎవ్వలకియ్యకు. ఆకలైతే అన్నం పెడదాం, పేరు మాత్రం ఇయ్యొద్దు."

ఆమె ఓనరుగా ఉన్నది అయిదు నెలలు.

పదకొండో రోజు అందరూ వచ్చారు. గిర్ని అమ్మేసి లోన్ కట్టేయమని కొందరు చెప్పారు. భోజనాలయ్యాక మా తమ్ముడు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, ఇప్పుడు అడగొద్దు గాని. పిల్లగాడు హైదరాబాద్ల కోర్సుల చేరిండు. ల్యాప్‌టాప్ కావాలట. నీ పేరు మీద తీస్కుంటే, తారీఖు తప్పనియ్య. వదిన నేర్పింది గదా."

వాడు తప్పడని నాకు తెలుసు. వాడి ముఖం చూస్తే కాదనడం ఎప్పుడూ నా వల్ల కాలేదు. లేచి లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి వాడికిచ్చాను. తాగేదాకా ఆగాను.

"పేరు ఇయ్యను. పిల్లగానికి నెలకు ఎంతో కొంత నేను పంపిస్త. నా జీతంలకెళ్లి, నా చేతితోటి. అది మళ్ల ఇయ్యక్కర లేదు."

"వదిన పోయినంక గూడ వదిన మాటేనా అన్నా?"

"అవును."

వాడు గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. కోపం తెచ్చుకున్నాడో లేదో నాకు తెలియదు. పోయేటప్పుడు మాత్రం నా భుజం మీద చెయ్యి వేశాడు.

గిర్ని అమ్మడం లేదు. వాయిదా పదో తారీఖు. కాలేజీకి ముందు రెండు గంటలు, తర్వాత మూడు గంటలు నేనే తెరుస్తాను. ఆమె పక్కన నిలబడి చాలాసార్లు చూశాను. పని నేర్చుకోగలను.

మొన్న ఎనిమిదిన మొదటిసారి తాళం తీశాను. ఆమె పోయిన రోజు నుంచి మూసే ఉంది. స్టూలు అక్కడే ఉంది. ఒక ముసలామె జొన్నల డబ్బాతో వచ్చింది. స్విచ్చు మీద చెయ్యి వేశాను.

"ఆగు సారూ. ఆమె ముందుగాల సంచి తట్టేది" అంది ముసలామె.

గుడ్డ సంచి కింద ఎడమ చెయ్యి పట్టి, కుడి చేత్తో నాలుగు వైపులా తట్టాను. పిండి రాలింది. గోధుమ పిండి. నా భార్య చివరిసారి పట్టినది. ఆ రోజు తట్టకుండానే కూర్చుంది.

గుప్పెడు ఉంటుంది. ఆ గోధుమలు ఎవరివో నేను అడిగి పెట్టుకోలేదు. ముసలామె తన డబ్బా పట్టుకొని పక్కన నిలబడి ఉంది. నేను చెయ్యి మూయకుండా, పిండి రాలనీయకుండా, అట్లాగే పట్టుకొని ఉన్నాను.